బాడీ ఎవరు కట్టినా ఆర్‌సీ మీ పేరునే ఉండాలి: విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు, మేనేజింగ్ డైరెక్టర్లకు, ట్రస్టు సభ్యులకు నమస్కారాలు.

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ ఏ ఆసుపత్రికి వెళ్లి కంప్యూటర్ల సంగతి ఎవరు చూస్తారని అడిగినా ఈమధ్య ఒకటే జవాబు. "అదంతా బయటికి ఇచ్చేశామండీ. అమెరికా కంపెనీలే ఔట్‌సోర్సింగ్‌కి ఇచ్చుకుంటుంటే మనకెందుకా తలనొప్పి?" మాటలో తప్పు లేదు. వంద పడకల ఆసుపత్రి సొంతంగా ప్రోగ్రామర్లను పెట్టుకోనక్కర్లేదు. పెట్టుకున్నా చేతినిండా పనుండదు, విసుగెత్తి హైదరాబాదు బస్సెక్కుతారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ కంపెనీలు బయటికి ఏం ఇస్తున్నాయో మీరు చూశారు గానీ, ఏం ఇవ్వకుండా దగ్గర పెట్టుకుంటున్నాయో చూడలేదు. ఆ బయటి పని చేసేవాళ్లం మేమే. సపోర్టు, సర్వర్లు, ప్రాజెక్టు డెలివరీ మా వృత్తి. బల్లకి ఆ పక్కన కూర్చునేవాళ్లం కాబట్టి, ఆ పక్క లెక్కలేమిటో రాస్తున్నాం.

ఆటోనగర్ సంగతి మీకు కొత్త కాదు. లారీ ఓనరు ఛాసిస్ కొనుక్కొచ్చి బాడీ కట్టమని అక్కడి షెడ్డులో వదులుతాడు. ఏళ్లకోసారి వచ్చే పని కోసం వెల్డర్నీ, వడ్రంగినీ, పెయింటర్నీ నెల జీతానికి పెట్టుకోడు. ఇది నికార్సైన ఔట్‌సోర్సింగ్. కానీ బాడీ ఎవరు కట్టినా ఆర్‌సీ ఓనరు పేరునే ఉంటుంది, రెండో తాళం ఓనరింట్లోనే ఉంటుంది. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ పని ఇచ్చినప్పుడు ఆర్‌సీ, తాళాలు కూడా షెడ్డువాడికే ఇచ్చేస్తున్నారు.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. పని ఎవరు చేస్తారన్నది ఔట్‌సోర్సింగ్. ఎక్కడ చేస్తారన్నది ఆఫ్‌షోరింగ్. అమెరికా బ్యాంకు హైదరాబాదులో తన సొంత ఆఫీసు తెరిచి తన ఉద్యోగులతోనే చేయించుకుంటే అది ఆఫ్‌షోరింగే గానీ ఔట్‌సోర్సింగ్ కాదు. 1985లో అమెరికా చిప్‌ల కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో పెట్టింది అలాంటి సొంత కేంద్రమే. 1989లో అమెరికా ఫిల్మ్ కంపెనీ కోడాక్ తన డేటా సెంటర్ల నిర్వహణను అక్కడి ఐబీఎంకే అప్పగించింది, అది ఔట్‌సోర్సింగే గానీ ఆఫ్‌షోరింగ్ కాదు. మీరు బెంజి సర్కిల్ పక్కనున్న కంపెనీకి పనిచ్చినా అంతే. రెండూ కలిసింది వైటూకే రోజుల్లో. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకుని, 2000 వస్తే 1900 అనుకునే కోబాల్ అనే పాత భాషలోని ప్రోగ్రాములు లక్షల వరుసలు, 1999 డిసెంబరు 31 లోపు దిద్దాలి, అంతమంది మనుషులు అమెరికాలో లేరు. గడువు దాటితే వాయిదా వేసుకునే పని కూడా కాదు. అప్పుడు మనవాళ్ల చేతికి వచ్చిన ఆ ప్రోగ్రాములే ఆ తర్వాత మెయింటెనెన్సు కాంట్రాక్టులయ్యాయి.

చౌక కాబట్టి ఇస్తారని అందరూ అనేస్తారు. చౌక నిజమే, కానీ లెక్క అక్కడితో ఆగదు. వారానికి 168 గంటలు. అమెరికాలో ఒక ఉద్యోగి పని చేసేది 40 గంటలు. 168ని 40తో భాగిస్తే 4.2. సెలవులు, జబ్బులు కలిపితే ఐదుగురు. అంటే రాత్రీ పగలూ ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా ఉండాలంటే ఐదు జీతాలు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి రాత్రి రెండు గంటలకు పనుంటుందా అంటే చాలా రాత్రులు ఉండదు. అదే కుర్చీని ఒక సర్వీసు కంపెనీ పదిమంది క్లయింట్లకు పంచుతుంది. పైగా వేసవిలో న్యూయార్కులో రాత్రి 11 అయితే మనకు ఉదయం 8:30, చలికాలంలో 9:30. వాళ్ల రాత్రి డ్యూటీ మనకు పగటి డ్యూటీ. మూడు నెలలకు మాత్రమే అవసరమయ్యే డేటాబేస్ నిపుణుడు, ఆడిట్ ముందు మాత్రమే కావలసిన సెక్యూరిటీ టెస్టర్, కొత్తవాళ్లెవరూ నేర్చుకోని పాత సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషి, ఇలాంటివాళ్లను అద్దెకు తెచ్చుకోవడమే నయం. సర్వర్లు కొనే పెట్టుబడి పోయి నెలవారీ ఖర్చు కావడం అక్కౌంట్సు వాళ్లకు ఇష్టం. ఉద్యోగుల సంఖ్య తక్కువ కనబడటం షేర్‌హోల్డర్లకు ఇష్టం. ఇక వీసాల గొడవ ఎలాగూ ఉంది. అమెరికాలో పని చేయడానికిచ్చే హెచ్-1బీ వీసాలు ఏటా 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. మనిషి అటు వెళ్లడం ఎంత ఖరీదైతే పని ఇటు రావడానికి అంత కారణం దొరుకుతుంది.

ఇప్పుడు ఈ పక్క లెక్క. సర్వీసు కంపెనీ ఎక్కడ మిగుల్చుకుంటుంది? మా పరిశ్రమలో దాన్ని పిరమిడ్ అంటారు. కొసన సాఫ్ట్‌వేర్ రూపురేఖలు గీసే ఆర్కిటెక్టు ఒకరు, మధ్యలో లీడ్‌లు, అడుగున ఫ్రెషర్లు. అడుగు ఎంత వెడల్పైతే మార్జిన్ అంత. ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచి మీద ఉన్నవాడి జీతం కూడా మీ బిల్లులోంచే రావాలి కాబట్టి, ఖాళీ అయిన మనిషిని ఎక్కడో ఒకచోట ఇరికిస్తారు. డెమో రోజున వచ్చి గలగలా మాట్లాడిన మనిషి సంతకాలయ్యాక కనబడకపోవడానికి కారణం ఇదే. కేటరింగ్ వాళ్లు రుచి చూపించిన రోజు వంటమేస్త్రీ వేరు, పెళ్లినాడు పొయ్యి దగ్గరుండేవాడు వేరు. కాంట్రాక్టులో "కీలక వ్యక్తులు" అని ఇద్దరి పేర్లు రాయించి, మీకు చెప్పకుండా ఆరు నెలల దాకా మార్చకూడదని ఒక్క వాక్యం పెట్టించండి. వెండర్, అంటే మీ పని తీసుకున్న కంపెనీవాడు, సణుగుతాడు, కానీ ఒప్పుకుంటాడు.

ధర మాట్లాడే పద్ధతిని బట్టే పని పాడయ్యే తీరు ఉంటుంది. ఇల్లు కట్టించినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మేస్త్రీకి గుత్తకిస్తే తొందరగా ముగించి పోతాడు, రోజుకూలికిస్తే గోడ లేవదు. ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులో ముందుగా కోత పడేది టెస్టింగుకు. ఆ తర్వాత మీరు ఏం అడిగినా అది "చేంజ్ రిక్వెస్ట్", దానికి వేరే బిల్లు. గంటల లెక్కన ఇస్తే టైమ్‌షీట్లు నిండుతాయి, స్క్రీన్లు నిండవు. మాకు తెలిసిన మధ్యేమార్గం, పనిని ఆరేడు ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ధర కట్టడం. ఆ ముక్క మీ ఓపీ కౌంటర్లో వారం రోజులు నిజంగా నడిచాకే డబ్బివ్వడం. సంతకం రోజున సగం అడ్వాన్సు ఇచ్చారంటే మీ పట్టు కూడా సగం పోయినట్టే.

ఇంతకీ ఆ అమెరికా కంపెనీలు బయటికివ్వకుండా దగ్గర పెట్టుకునేదేమిటి? పెద్ద కంపెనీల్లో దీన్ని రిటెయిన్డ్ ఆర్గనైజేషన్ అంటారు. వందల మంది పనిని బయటికిచ్చినా, కొద్దిమందిని మాత్రం వదలరు. వ్యవస్థ మొత్తం ఎలా అల్లుకుని ఉందో తెలిసినవాళ్లు, అడ్మిన్ తాళాలు పట్టుకునేవాళ్లు, వెండర్ పనిని పరీక్షించి బిల్లు పాస్ చేసేవాళ్లు, ప్రమాదం వస్తే నిర్ణయం తీసుకునేవాళ్లు. ఈ పని సరిగా చేయకపోతే ఏమవుతుందో బ్రిటన్లో టీఎస్‌బీ బ్యాంకు చూసింది. 2018 ఏప్రిల్లో ఖాతాలన్నీ కొత్త ప్లాట్‌ఫాం మీదికి మార్చారు. ఆ పని చేసింది మాతృసంస్థ గ్రూపులోని ఐటీ కంపెనీ, దాని కింద మరెన్నో సబ్‌కాంట్రాక్టులు. లక్షల మంది ఖాతాదారులకు ఖాతాలు తెరుచుకోలేదు, పూర్తిగా సర్దుకునేసరికి డిసెంబరు వచ్చింది. 2022లో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. వేసింది బ్యాంకుకు. మరుసటి ఏడాది ఆ బ్యాంకు ఐటీ అధిపతికి సొంతంగా 81,620 పౌండ్లు వేశారు. బయటికిచ్చిన పనిలో ఉన్న ప్రమాదాన్ని సరిగా కనిపెట్టి చూసుకోలేదన్నది ఆయన మీద అభియోగం.

మన దగ్గర చట్టం కూడా అటే నడుస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలకు జవాబుదారీ మీరే. పని చేసేది వెండర్ అయినా, కాగితం మీద ఏం రాసుకున్నా సరే. తగిన భద్రత చూపకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు లేకుండా ఇప్పటికే అమల్లో ఉన్నది ఇంకొకటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోపు రిపోర్టు చేయాలి, సర్వర్ల లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న చిట్టా, 180 రోజులు దేశంలోనే ఉంచాలి. శనివారం రాత్రి వెండర్ కుర్రాడు ఏదో తేడాగా ఉందని గమనించి, సోమవారం వాళ్ల మేనేజరుకు చెప్పి, మంగళవారం మీకు ఫోను వచ్చిందనుకోండి. మీ ఆరు గంటలు ఎప్పుడు మొదలయ్యాయన్న దాని మీద వాదులాట మిగులుతుంది. అందుకే అగ్రిమెంటులో "వెండర్‌కు అనుమానం వచ్చిన 2 గంటల్లో ఆసుపత్రికి ఫోను, మెయిలు" అని గంటలు వేసి రాయించుకోవాలి.

ఆర్‌సీ సంగతికొద్దాం. మొదటిది డొమైన్, అంటే మీ వెబ్‌సైట్ పేరు. అది చాలాసార్లు వెబ్‌సైట్ చేసిన కుర్రాడి సొంత అక్కౌంటులో, అతని జీమెయిల్ మీద, అతని కార్డుతో కొన్నదై ఉంటుంది. అతను ఉద్యోగం మారాడు, కార్డు గడువు తీరింది, రెన్యువల్ మెయిలు అతనికి వెళ్లింది, చూడలేదు. ఒక తెల్లవారి మీ సైటు లేదు. అంతకంటే ముఖ్యం, ఆ పేరు మీదున్న మెయిళ్లన్నీ ఆగిపోయాయి. ఇన్సూరెన్సు కంపెనీల అప్రూవల్ మెయిళ్లతో సహా. దీనికి మందు పెద్ద పనేం కాదు. డొమైన్ పేర్లు అమ్మే రిజిస్ట్రార్ కంపెనీ దగ్గర ఆసుపత్రి పేరున అక్కౌంటు తెరవండి, ఓటీపీ వచ్చే ఫోను ఆసుపత్రి సిమ్ అయ్యుండాలి, పాత అక్కౌంటు నుంచి ట్రాన్స్‌ఫర్ కోడ్ తీసుకుని మార్పించండి, ఐదేళ్లకు ఒకేసారి కట్టేయండి. క్లౌడ్ సర్వర్ ఉంటే దాని రూట్ అక్కౌంటుకూ, అంటే అన్ని అధికారాలూ ఉన్న అక్కౌంటుకూ, ఇదే మాట. వెండర్‌కు కింది స్థాయి లాగిన్ ఇస్తే పని ఆగదు.

రెండోది సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాము. డబ్బు మేమిచ్చాం కాబట్టి ప్రోగ్రాము మాదే అని మీరనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం అలా అనదు. మీ జీతగాడు డ్యూటీలో భాగంగా రాస్తే మీది. బయటి కంపెనీ రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు వాళ్లది. హక్కు మీకు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, వాళ్ల సంతకంతో ఉండాలి. ఆ రాతలోనూ కాలం చెప్పకపోతే ఐదేళ్లకే చెల్లుతుంది, ప్రాంతం చెప్పకపోతే ఇండియాకే పరిమితం. 19(4) సెక్షన్ ప్రకారం ఏడాదిలోపు ఆ హక్కును వాడకపోతే అది కూడా రద్దయినట్టే, అలా కాకూడదని విడిగా రాసుకుంటే తప్ప. అందుచేత "శాశ్వతంగా, ప్రపంచమంతటా, 19(4) సెక్షన్ వర్తించకుండా" అన్న మాటలు అగ్రిమెంటులో కనబడాలి. మీ వకీలు దగ్గర ఆస్తి దస్తావేజుల నమూనాలు బోలెడుంటాయి, ఈ నమూనా చాలామంది దగ్గర ఉండదు. అడిగి రాయించండి.

అయితే ఇది మీ కోసం ప్రత్యేకంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్ సంగతి. ఎక్కువ ఆసుపత్రులు కొనేది తయారుగా ఉన్న ప్యాకేజీ. దాని కోడ్ ఇవ్వరు, అడగడం న్యాయమూ కాదు. అక్కడ మీరు పట్టుబట్టాల్సింది డేటా మీద. కోల్డ్ స్టోరేజీలో రైతు మిర్చి టిక్కీలు పెడితే లాట్ నంబరుతో బాండు ఇస్తారు, కావలసినప్పుడు బాండు చూపించి తీసుకుపోతాడు. మీ పేషెంటు రికార్డులకు అలాంటి బాండు ఏదైనా ఉందా? ఏ టేబుల్లో ఏముందో చెప్పే డేటా డిక్షనరీ, ఎవరైనా చదవగలిగే రూపంలో మూడు నెలలకోసారి పూర్తి కాపీ, ఎక్స్‌రే, సీటీ బొమ్మలైతే డైకామ్ అనే వైద్య చిత్రాల ప్రామాణిక రూపంలోనే. ఈ మూడూ ఉంటే బాండు చేతిలో ఉన్నట్టు. వట్టి పీడీఎఫ్‌లు ఇస్తామంటే ఒప్పుకోవద్దు, వాటిని కొత్త సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించలేరు.

బొమ్మల బరువు ఎంతో అంచనా ఉండటం మంచిది. సీటీ స్లైసు ఒకటి 512 చుక్కలు అడ్డం, 512 నిలువు, చుక్కకు 2 బైట్లు. అంటే అర ఎంబీ. ఒక సన్నస్లైసుల స్కానులో 600 స్లైసులు ఉంటే 300 ఎంబీ. రోజుకు 20 స్కాన్లంటే 6 జీబీ, ఐదేళ్లకు సుమారు 11 టీబీ. వెండర్‌తో చెడి, అతని క్లౌడ్ నుంచి ఇదంతా వెనక్కి తెచ్చుకోవాలంటే 100 ఎంబీపీఎస్ లైను పూర్తిగా దీనికే వాడినా రాత్రింబవళ్లు పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ కొత్త స్కాన్లు ఆగవు. బొమ్మల కాపీని మొదటి రోజు నుంచీ మీ భవనంలోనే ఒక స్టోరేజీ పెట్టెలో పెట్టించుకోమనేది ఇందుకే.

బ్యాకప్ తీస్తున్నామని అందరూ చెబుతారు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఆవరణ బయట అన్నది పాత సూత్రం. దానికి ఇప్పుడు ఇంకొకటి చేర్చుకోవాలి, ఒక కాపీ ఏ తీగకూ తగిలించకుండా ఉండాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగి ఐదు సర్వర్లలో సుమారు 1.3 టీబీ డేటా తాళం పడింది. దాదాపు రెండు వారాలు ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్ రిపోర్టులు కాగితాల మీద నడిచాయి. నెట్‌వర్కును సరిగా గదులుగా విడదీయకపోవడం కారణమని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఎయిమ్స్ అంతటిదానికే అయితే, బిల్లింగ్ కంప్యూటరూ, సీసీటీవీ డీవీఆరూ, పేషెంటు అటెండర్ల వైఫై కూడా ఒకే స్విచ్చి మీదున్న మన ఆసుపత్రుల సంగతి వేరే చెప్పాలా? మూడు నెలలకోసారి వెండర్‌ను పిలిచి, ఒక ఖాళీ కంప్యూటర్ మీద నిన్నటి బ్యాకప్‌ను ఎక్కించి, నిన్న సాయంత్రం ఆఖరి బిల్లు నంబరు తెర మీద చూపించమనండి. చూపించలేకపోతే ఆ బ్యాకప్ లేనట్టే లెక్క.

ఒకసారి సర్వర్ గదిలోకి వెళ్లండి. మన దగ్గర అది సాధారణంగా మెట్ల కింద గదో, రికార్డు రూములో ఒక మూలో. సర్వర్ ముందు వరుసగా డిస్కులు, ఒక్కోదానికి చిన్న లైటు. అన్నీ ఆకుపచ్చగా ఉండాలి. ఒకటి నారింజ రంగులో ఉందనుకోండి, ఆ డిస్కు చచ్చిపోయింది. డేటాను డిస్కులన్నిటికీ పంచి రాసే రెయిడ్ 5 పద్ధతి అయితే ఒక డిస్కు పోయినా సర్వర్ నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ లైటు నెలల తరబడి వెలుగుతుంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోగా యూపీఎస్ చేతులెత్తేసి, సర్వర్ దభాలున ఆగి మళ్లీ లేచేటప్పుడు రెండో డిస్కు పోతుంది. అంతే, ఇక మొత్తం పోయినట్టే. హైదరాబాదులో కూర్చున్న వెండర్‌కు ఆ లైటు కనబడదు. అలారం మెయిలు పెట్టించుకోవచ్చు, కానీ ఆ మెయిలు ఎవరికి వస్తుంది? ఏడాది కిందట మానేసిన ఇంజనీరుకు.

సపోర్టు కాంట్రాక్టులో ఉండే చిత్రాలు కూడా తెలియాలి. ఏటా మీరు కట్టే ఏఎంసీ, అంటే నిర్వహణ రుసుము, సాధారణంగా లైసెన్సు ధరలో 15 నుంచి 20 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. మీ వైద్యసేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ 18 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు, రాదు. ఫ్యాక్టరీవాడికి లక్ష రూపాయల పని లక్షకే పడితే మీకు లక్షా 18 వేలకు పడుతుంది. సొంత ఉద్యోగి జీతం మీద ఈ పన్ను ఉండదు. ఎవరిని బయట పెట్టుకోవాలి, ఎవరిని లోపల అన్న లెక్కలో ఈ అంకె వేసుకోకుండా నిర్ణయాలు చేస్తున్నారు.

99.5 శాతం అప్‌టైమ్, అంటే సిస్టం నడిచే సమయం, అంటే వినడానికి బాగుంటుంది. 30 రోజుల నెలలో అది 3 గంటల 36 నిమిషాల ఆగుడు. అదంతా ఒకే సోమవారం ఉదయం 9 నుంచి 12:36 దాకా వచ్చినా వెండర్ మాట తప్పనట్టే. కాబట్టి శాతంతో పాటు "ఉదయం 8 నుంచి రాత్రి 9 లోపు ఒక్కసారికి 30 నిమిషాలు దాటకూడదు" అని రాయాలి. రెస్పాన్సు టైము 15 నిమిషాలని గొప్పగా వేస్తారు. ఫోనెత్తి "నోట్ చేసుకున్నామండీ" అనడమే రెస్పాన్సు. మీక్కావలసింది రిజల్యూషన్, అది ఎన్ని గంటల్లోనో ఉందా చూడండి. టికెట్‌ను, అంటే మీ ఫిర్యాదు నమోదును, "యూజర్ పెండింగ్" అని మార్చిన క్షణం గడియారం ఆగిపోతుంది. మీ కౌంటర్ అమ్మాయి ఎవరి ఫోనుకో జవాబివ్వలేదని ఐదు గంటలు ఆగినా వాళ్ల రిపోర్టులో అంతా ఆకుపచ్చే. మూసేసిన సమస్య మర్నాడు మళ్లీ వస్తే దాన్ని కొత్త టికెట్‌గా లెక్కేస్తారు. ఇవన్నీ మేం చేసే పనులే, మా టార్గెట్లు అలా పెడతారు మరి. ఏది అత్యవసరమో వెండర్ మాటల్లో కాకుండా మీ మాటల్లో రాయించండి. ఓపీ బిల్లింగు, ల్యాబ్ రిపోర్టు, ఫార్మసీ అమ్మకం, డిశ్చార్జి సమ్మరీ. ఈ నాలుగింటిలో ఏది ఆగినా మొదటి ప్రాధాన్యం. ల్యాబ్‌లో అనలైజర్ మార్చినప్పుడు దాన్ని సాఫ్ట్‌వేర్‌కు కలిపే ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకోవాలి. ఏటా వచ్చే తగాదాల్లో ఇదొకటి.

రిమోట్ లాగిన్‌ల మాట. దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు ఎప్పుడూ మారని పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, దాన్ని వెండర్ ఆఫీసులో ఇరవై మందికి వాట్సాప్ చేయడం మామూలైపోయింది. సర్వీసు కంపెనీల్లో మనుషులు తరచూ మారుతుంటారు. వెళ్లిపోయినవాడి ఫోనులో మీ సర్వర్ తాళం ఉండిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం అంతకంటే ఘోరం, రాన్సమ్‌వేర్ వాళ్లు ముందుగా తట్టే తలుపు అదే. వీపీఎన్, అంటే బయటివాళ్లు తొంగిచూడలేని దారి, పెట్టించి, మనిషికొక లాగిన్, ఫోనుకు కోడ్ వచ్చే ఏర్పాటు చేయించి, వెండర్ దగ్గర ఎవరు మానేసినా అదే రోజు మీకు చెప్పాలని షరతు పెట్టండి. ఇక బిల్లింగ్ కౌంటర్లో మానిటర్ అంచుకు అతికించిన పసుపు చీటీ మీద ఉన్న పాస్‌వర్డ్‌కు వెండర్‌ను తిట్టి లాభం లేదు. అది మన ఘనతే.

వీటన్నిటికీ మీ దగ్గర ఒక మనిషి కావాలి. ఒక్కరు చాలు. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. అక్కౌంట్సులోనో, ల్యాబ్‌లోనో కంప్యూటర్ అంటే చురుగ్గా ఉండే మనిషి మీ దగ్గర ఇప్పటికే ఉంటాడు, ఉంటుంది. ఆ మనిషికి రోజులో గంటన్నర ఈ పనికి విడిచి, జీతంలో కొంత కలిపి, వెండర్ బిల్లు ఆ సంతకం లేకుండా పాస్ కాదని చెప్పండి. ఉదయం సర్వర్ లైట్లు, రాత్రి బ్యాకప్ పూర్తయిందా, డిస్కులో ఎంత ఖాళీ ఉంది చూడాలి. లాగ్ ఫైలు నిండిపోయి డేటాబేస్ నిలిచిపోవడమే చిన్న ఆసుపత్రుల్లో మేం ఎక్కువగా ఎత్తే ఫోను. వారానికోసారి తెరిచి ఉన్న టికెట్ల పట్టిక. ఆరు నెలలకోసారి ఎవరెవరికి లాగిన్‌లున్నాయో సరిచూసుకోవడం. ఆ మనిషి సెలవు పెడితే చూసుకోవడానికి ఇంకొకరికి సగం పనైనా నేర్పాలి, లేకపోతే వెండర్ మీద ఆధారపడటం పోయి ఒక ఉద్యోగి మీద ఆధారపడటం వస్తుంది.

వెండర్‌ను మార్చే రోజు రాకపోవచ్చు, కానీ దాని గురించి మాట్లాడాల్సింది మొదటి రోజే. వెళ్లేటప్పుడు 90 రోజులు కలిసి పని చేయాలి. మొదట పాతవాళ్లు చేస్తుంటే కొత్తవాళ్లు చూస్తారు, దీన్ని షాడో అంటాం. తర్వాత కొత్తవాళ్లు చేస్తుంటే పాతవాళ్లు పక్కనుంటారు, అది రివర్స్ షాడో. ఈ రెండో దశను ఎగ్గొట్టే ప్రాజెక్టులే తర్వాత కుంటుతాయి. మొదటి దశలో అందరూ తలలూపుతారు, నెలాఖరు క్లోజింగ్ సొంతంగా చేయమన్నప్పుడే ఎవరికి ఏం తెలియదో బయటపడుతుంది. కాబట్టి ఆ 90 రోజుల్లో నెలాఖరు కనీసం రెండుసార్లు పడేలా చూసుకోండి. ఆఖరి బిల్లులో పదో వంతు ఆపి, డేటా మొత్తం కొత్త చోట లెక్క సరిపోయాక ఇవ్వండి. ఏ లెక్క? పేషెంట్ల సంఖ్య, బిల్లుల మొత్తం, రావలసిన బకాయి, ఫార్మసీ స్టాకు విలువ. పాత తెర మీదా కొత్త తెర మీదా ఈ నాలుగు అంకెలూ పైసాతో సహా ఒకటే ఉండాలి.

మీ సంఘాలకు ఒక విన్నపం. ఒక్కో ఆసుపత్రి విడివిడిగా వెళ్తే వెండర్ తన ఫారం మీదే సంతకం పెట్టిస్తాడు. రెండు ఊళ్ల ఆసుపత్రులూ కలిసి ఒకే నమూనా అగ్రిమెంటు రాయించుకుంటే వకీలు ఫీజు పంచుకున్నట్టూ ఉంటుంది, ఏ వెండరూ ఆ షరతులు కుదరవనలేడు. దానికి కావలసిన సాంకేతిక భాగం ఉచితంగా రాసిపెట్టడానికి మేం సిద్ధం.

ఈలోగా మీ వెండర్‌కు ఒక మెయిలు పెట్టండి. డొమైన్ ఎవరి పేరున, ఏ మెయిలు మీద ఉంది? సర్వర్ అడ్మిన్ లాగిన్‌లు ఎవరెవరి దగ్గరున్నాయి, పేర్లతో సహా? ఆఖరుసారి బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూసిన తేదీ ఏది? డేటా డిక్షనరీ కాపీ జతచేయండి. మెయిలు పెట్టిన తేదీ క్యాలెండరు మీద రాసుకోండి, జవాబు వచ్చిన తేదీ దాని పక్కనే రాయండి.

ఇట్లు,
ఐటీ సపోర్టు, సర్వర్ నిర్వహణ పనుల్లో ఉన్న విజయవాడ, గుంటూరు ఉద్యోగులం